ఆల్టో అనే నడిమి గొంతు గురించి

(సంఘం వార్షిక సమావేశంలో, మధ్యాహ్నం జరిగిన సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పోయిన నెలలో ఫోన్ చేసి, "డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడేవాళ్ళు మనకు కావలసినంతమంది ఉన్నారమ్మా, మీరు సంగీతం మీద ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. నేను విద్వాంసురాలిని కాను. కచేరీ చేసినదాన్ని అసలే కాను. 1968లో తంతి తపాలా శాఖలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. 1985లో టెలికం శాఖ విడిపోయింది, 2000 అక్టోబరులో అది బి.ఎస్.ఎన్.ఎల్. అయింది, 2008లో నేను రిటైరయ్యాను. ఆఫీసు గుమ్మం మీద బోర్డులు మారాయి గాని నా పని మాత్రం గొంతులతోనే. మొహాలు కనపడకుండా వేలమంది గొంతులు విన్నదాన్ని. ఆ అర్హతతో ఈ సాహసం చేస్తున్నాను.

నేను ఎన్నుకున్న విషయం ఆల్టో. "కారు గురించి మాట్లాడతావా?" అని మావారు అడిగారు. కారు కాదండీ. పాడే గొంతుల్లో, వాయించే వాద్యాల్లో, మరీ పైకీ పోకుండా మరీ కిందికీ దిగకుండా నడుమ ఉండే ఒక ప్రాంతానికి పాశ్చాత్యులు పెట్టిన పేరు అది. వాళ్ళ బృందగానంలో నాలుగు వరసలుంటాయి. ఆడవాళ్ళ పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. మగవాళ్ళ పై గొంతు టెనార్, కింది గొంతు బాస్.

ఆల్టో అన్న మాట లాటిన్ భాషలోని 'ఆల్టుస్' నుంచి వచ్చింది. దానికి అర్థం ఎత్తయినది అని. ఆడవాళ్ళలో కింది గొంతుకు ఎత్తు గొంతని పేరేమిటి, అని మీకు సందేహం రావాలి. నాకూ వచ్చింది. దాని వెనక కథ ఇది. 15వ శతాబ్దం నాటి యూరప్ చర్చి సంగీతంలో అసలు పాటను పట్టి నిలబెట్టే వరస టెనార్. ఆ పేరుకు అర్థమే పట్టి ఉంచడం. దానికి ఎదురుగా నడిచే వరస ఒకటి ఉండేది. అది క్రమంగా రెండుగా చీలింది. టెనార్‌కు పైన నడిచేది ఆల్టుస్, కింద నడిచేది బాసుస్. ఆల్టుసే ఆల్టో, బాసుసే బాస్. ఆ రోజుల్లో చర్చి గాయకబృందాల్లో ఆడవాళ్ళకు చోటు లేదు. కాబట్టి ఆ ఎత్తు వరసను మగవాళ్ళే, అసలు గొంతు వదిలి సన్నగొంతు తెచ్చుకుని పాడేవారు, లేదా మగపిల్లలు పాడేవారు. మగవాళ్ళకది ఎత్తే కదా! తరువాత ఆడవాళ్ళు బృందాల్లోకి వచ్చారు. వాళ్ళలో ఎవరి గొంతు కాస్త కిందికి పలుకుతుందో ఆ వరస వాళ్ళకు దక్కింది. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. ఇంగ్లండులో కొన్ని పెద్ద చర్చీల్లో ఈనాటికీ ఆల్టో పాడేది మగవాళ్ళే. మనకిది మరీ వింతేమీ కాదు. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషంలో పాడుతుంటే వినడానికి బళ్ళు కట్టుకుని వెళ్ళామని మా నాన్నగారి తరం వాళ్ళు చెప్పేవారు.

అంటే ఆల్టో అనేది మగ గొంతు ఎక్కి, ఆడ గొంతు దిగి, రెండూ కలుసుకునే చోటు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

లెక్క కూడా చెబుతాను, మన సభ్యుల్లో ఇంజనీర్లున్నారు కాబట్టి. క్వైరులో ఆల్టోకు ఇచ్చే హద్దు సుమారు 175 కంపనాల నుంచి 590 దాకా, సెకనుకు. ఇప్పుడు హెర్ట్జ్ అంటారు, మన రోజుల్లో సైకిల్స్ అనేవాళ్ళం. టెనార్ సుమారు 130 నుంచి 400 దాకా పాడతాడు. చూడండి, సగానికి పైగా ఇద్దరిదీ ఒకటే జాగా. ఇక మన సంగీతానికి వద్దాం. మగవాళ్ళు ఎక్కువగా ఒకటి శృతి, ఒకటిన్నర శృతిలో పాడతారు. ఆడవాళ్ళకు ఐదు శృతి అని వాడుక. ఒకటి శృతిలో పాడే గాయకుడి షడ్జమం 131 దగ్గర ఉంటుంది. ఐదు శృతిలో పాడే గాయని షడ్జమం 196 దగ్గర. అంటే ఆయన పంచమం ఎక్కడుందో ఆమె షడ్జమం అక్కడుంది. మనం అనుకునేటంత దూరం, అంటే పూర్తి స్థాయి, వాళ్ళ మధ్య లేదు. ఐదు శృతి గాయని మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా పాడితే అది 147 నుంచి 587. పడమటివాళ్ళ కొలత కర్రతో కొలిస్తే అది సొప్రానో కాదు, అచ్చమైన ఆల్టో, ఆ మీద అడుగున ఇంకొంచెం. డి.కె. పట్టమ్మాళ్‌గారి గంభీరమైన గాత్రం విన్నవారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు.

మరి కచేరీలో ఇంత గౌరవం ఉన్న గొంతుకు ఇంట్లో, బడిలో, సినిమాలో ఆ గౌరవం ఎందుకు లేదు? సినిమాల్లో కథానాయికకు సన్నని గొంతు పెడతారు, కొంచెం బొంగురు గొంతయితే క్లబ్బు పాటకో హాస్యపాత్రకో పెడతారు. పడమటి ఒపేరాల్లోనూ ఇదే వరస. నాయిక సొప్రానో. కింది గొంతు గాయనికి తల్లి వేషం, దాది వేషం, మంత్రగత్తె వేషం, లేకపోతే మగపిల్లవాడి వేషం. మనుషులు ఎక్కడైనా ఒకటే.

నా సంగతి చెబుతాను. తొమ్మిదో ఏట నన్ను సంగీతానికి పంపారు. మేష్టారు పిల్లలందరినీ ఒకే శృతిలో, ఆరు శృతిలో అనుకుంటాను, కూర్చోబెట్టి సరళీస్వరాలు చెప్పేవారు. తార షడ్జమం దగ్గర నా గొంతు విరిగేది. నాలుగో నెలలో ఆయన మా అమ్మతో, "ఇది ఆడపిల్ల గొంతు కాదమ్మా, కుట్టుపని నేర్పించండి" అన్నారు. ఆయన పేరు చెప్పను, పోయిన మనిషి, మంచి పండితుడు కూడా. కాని హార్మోనియం మీద వేలు రెండు మెట్లు కిందికి జరపడానికి పట్టే సమయమెంత? అది ఆయన చెయ్యలేదు. నేను కుట్టుపని నేర్చుకున్నాను.

ఎక్స్‌ఛేంజిలో చేరాక ఆ గొంతే నాకు అన్నం పెట్టింది. రాత్రి డ్యూటీలో ట్రంకు బోర్డు మీద కూర్చుంటే, "సార్, మద్రాసుకు అర్జెంటు కాల్ బుక్ చెయ్యండి సార్" అనేవాళ్ళు. మొదట్లో సవరించేదాన్ని, తరువాత మానేశాను. సార్ అంటే కాస్త మర్యాదగానే మాట్లాడేవాళ్ళు, తిట్టేవాళ్ళు కాదు! పక్క బోర్డు అమ్మాయిలకు ఆ భాగ్యం ఉండేది కాదు.

ఆ పక్క బోర్డులోనే ఒక సహోద్యోగిని ఉండేది. వాళ్ళ చర్చి క్వైరులో పాడేది. మన కోస్తా జిల్లాల్లో మిషన్ల వాళ్ళు వచ్చినప్పటి నుంచి, గుంటూరు లూథరన్ మిషన్ అయితే 1842 నుంచి, చర్చిపాట ఉంది. వాటితో పాటు పట్నాల్లోని చర్చీల్లో నాలుగు వరసల పాట కూడా వచ్చింది. 1974 డిసెంబరులో క్రిస్మస్ రిహార్సలుకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. నన్ను తన పక్కనే, ఆల్టో బెంచీ మీద కూర్చోబెట్టుకుంది. ముందు ఆల్టో వాళ్ళ చేత విడిగా పాడించారు. నిజం చెప్పాలంటే చాలా చప్పగా ఉంది. రెండు మూడు స్వరాల మీదే తిరుగుతుంది. పాట ఎక్కడుందో తెలియదు. ఇదేం పాటమ్మా అనుకున్నాను. తరువాత నాలుగు వరసలూ కలిపి పాడించారు. బాగుంది. అప్పుడు క్వైరు మాష్టారు, పిల్లలకు పాఠం చెప్పడానికి కాబోలు, "ఇప్పుడు ఆల్టో తప్ప తక్కినవాళ్ళు పాడండి" అన్నారు. పైన పాట పైనే ఉంది, కింద మగవాళ్ళు కిందే ఉన్నారు, నడుమ ఇంటికి దూలం తీసేసినట్టయింది. పాట తప్పలేదు, శ్రుతీ తప్పలేదు. కాని ఇంతసేపూ వెచ్చగా ఉన్నదేదో చల్లారిపోయింది. ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ, నా గొంతుకు ఒక పేరుంది, దానికంటూ ఒక బెంచీ ఉంది అని తెలిసిన సంతోషంతో వచ్చాను. నేను క్వైరులో చేరలేదు. డ్యూటీలు, పిల్లలు. కాని ఆ మాట మరచిపోలేదు.

వాద్యాల్లోనూ ఈ నడిమి గొంతు ఉంది. అందరికీ తెలిసిన వయొలిన్‌కు అక్కలాంటిది వయోలా. ఫ్రెంచివాళ్ళు దాన్ని ఏకంగా ఆల్టో అనే పిలుస్తారు. చూడ్డానికి వయొలిన్ లాగే ఉంటుంది, కొంచెం పెద్దది. వయొలిన్ పెట్టె పొడవు 14 అంగుళాలైతే వయోలా పెట్టె 15 నుంచి 17 దాకా, ఎక్కువగా 16. తీగలు ఐదు స్వరాలు కిందికి పలుకుతాయి. తమాషా ఏమిటంటే, వయొలిన్ కంటే ఐదు స్వరాలు కిందికి దిగిన నాదానికి సరిపడా పెట్టె చెయ్యాలంటే వయొలిన్‌కు ఒకటిన్నర రెట్లు, అంటే 21 అంగుళాలుండాలి. అంత పెట్టెను భుజం మీద పెట్టుకుని ఎవరు వాయించగలరు? అందుకని కుదించి చేశారు. ఆ కుదింపు వల్ల దాని నాదంలో చిన్న జీర, పల్చని ముసుగు వేసినట్టుండే గుణం వచ్చింది. కొందరు దాన్ని లోపమంటారు, నాకు అదే దాని అందం. బాఖ్, మొజార్ట్ వంటి వాళ్ళు నలుగురిలో కూర్చుని వాయించేటప్పుడు ఇష్టపడి వయోలా తీసుకునేవారట. నడుమ కూర్చుంటే రెండు వైపులా ఏం జరుగుతోందో వినపడుతుంది మరి. ట్రంకు బోర్డు ఆపరేటరుకు ఆ సుఖం తెలుసు!

ఈ వయోలాకు మన తెలుగువాళ్ళతో గట్టి సంబంధముంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, 1930లో ఇప్పటి కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టి 2016లో చెన్నైలో కాలం చేసిన మహానుభావుడు, గాత్రంతో పాటు వయోలా మీద కర్ణాటక సంగీతం వాయించి మెప్పించారు. ఆయన గొంతు మూడు స్థాయిల్లో తిరిగేదని అందరికీ తెలుసు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో ఆయన గొంతు వింటూ పొద్దున్నే డ్యూటీకి తయారైనవాళ్ళం మనలో ఎంతమందిమో. పై స్థాయిలో అంత హాయిగా తిరిగే మనిషి చేతికి వాద్యం తీసుకున్నప్పుడు, గాత్రానికి దగ్గరగా నడుమ పలికేదాన్ని తీసుకోవడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

రెండోది ఆల్టో శాక్సఫోన్. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ శాక్స్ దీనికి 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నాడు. సొప్రానో, ఆల్టో, టెనార్ అని మనుషుల గొంతుల పేర్లే దాని రకాలకూ పెట్టారు. పెళ్ళి బ్యాండుల్లో, క్లబ్బుల్లో వినపడే ఈ ఇత్తడి వాద్యాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారు మంగుళూరు ప్రాంతపు కద్రి గోపాల్‌నాథ్‌గారు. నాదస్వరం వాయించే కుటుంబం. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని మనసు పారేసుకున్నారు. మీటలు నొక్కితే స్వరం పలికే వాద్యం అది. దాని మీద గమకం పలికించాలంటే ఎంత కష్టమో ఆలోచించండి. మీటల్లో మార్పులు చేసుకుని, ఏళ్ళ తరబడి సాధన చేసి సాధించారు. ఆయన పట్టుకున్నది ఆల్టో శాక్సఫోనే. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో బి.బి.సి. వారి ప్రామ్స్ ఉత్సవంలో వాయించారు. అదే ఏడు వచ్చిన 'డ్యూయెట్' సినిమాలో ఎ.ఆర్. రెహమాన్ సంగీతంలో వినపడే శాక్సఫోన్ ఆయనదే. 2019లో మంగుళూరులో కన్నుమూశారు. మా ఇంట్లో ఆయన క్యాసెట్టు రెండు ఇంకా ఉన్నాయి, టేపురికార్డరే పనిచెయ్యడం లేదు.

ఇక్కడ మన శాఖకు సంబంధించిన ఒక మనిషిని పరిచయం చెయ్యాలి. మన శాఖ అంటే ఇంగ్లండు శాఖ లెండి. కాథ్లీన్ ఫెరియర్ అని, 1912లో లంకాషైరులో పుట్టింది. ఇంట్లో డబ్బు ఇబ్బంది వల్ల 14వ ఏట చదువు మాన్పించి బ్లాక్‌బర్న్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనికి పెట్టారు. ఫోన్ చేస్తే టైము చెప్పే సర్వీసు అక్కడ 1936లో వచ్చింది. దానికి గొంతు కావాలని అంతకు ముందు సంవత్సరం ఆపరేటర్లందరికీ పోటీ పెట్టారు. ఈమె వెళ్ళింది. ఎంపిక కాలేదు. 1937లో కార్లైల్ సంగీత పోటీల్లో పియానోకు పేరిస్తుంటే, పాటకు కూడా పేరివ్వలేవని భర్త ఒక షిల్లింగు పందెం కాశాడు. ఇచ్చింది. రెండిట్లోనూ మొదటి బహుమతి వచ్చింది.

ఆమెది కాంట్రాల్టో. ఆల్టోల్లో ఏకగాత్రానికి నిలబడే కింది గొంతును అలా అంటారు. 1947లో గ్లైండ్‌బోర్న్‌లో గ్లుక్ రాసిన ఒపేరాలో ఓర్ఫియస్ వేషం వేసింది. చనిపోయిన భార్య కోసం పాతాళానికి వెళ్ళే గాయకుడి కథ. మన సావిత్రి కథకు తిరగబడ్డ కథ అనుకోండి, పైగా అతడు చివర్లో వెనక్కి తిరిగి చూస్తాడు. మగవేషమే, కాని ఆ గొంతుకు అది అతికినట్టు సరిపోయింది. 1953 ఫిబ్రవరిలో లండన్ కోవెంట్ గార్డెన్‌లో మళ్ళీ అదే వేషం. అప్పటికే క్యాన్సరు ఎముకల దాకా పాకింది. రెండో ప్రదర్శనలో, రంగస్థలం మీద ఉండగానే తొడ ఎముక చిట్లింది. ఆమె ఆగలేదు. ఆనుకుని నిలబడి చివరిదాకా పాడింది. హాల్లో ఉన్నవాళ్ళలో చాలామందికి సంగతి తెలియనే తెలియదు. అదే ఆమె చివరి ప్రదర్శన. ఆ అక్టోబరు 8న పోయింది, 41 ఏళ్ళకు. టైము చెప్పడానికి పనికిరాదన్న గొంతు రికార్డులు ఇంకా అమ్ముడుపోతున్నాయి.

మన దేశంలో గంగూబాయి హంగల్‌గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1913లో ధార్వాడలో పుట్టారు. యుక్తవయసులో ఆమెది సన్నని గొంతే, ఆనాటి గ్రామఫోను రికార్డుల్లో వినవచ్చు. గొంతులో చేసిన ఒక చికిత్స తరువాత అది బరువెక్కి దిగిపోయింది. రేడియోలో వింటే మగవాళ్ళు పాడుతున్నారనుకునేవారు. ఆమె పాత గొంతు కోసం ఏడుస్తూ కూర్చోలేదు. ఉన్న గొంతుతో కిరాణా ఘరానాలో, 2009లో పోయేదాకా పెద్దపీట మీద కూర్చున్నారు.

ఇవన్నీ ఇప్పుడు చెప్పడానికి ఒక కారణముంది. రెండేళ్ళ క్రితం అమెరికా నుంచి మా మనవరాలు వీడియో కాల్ చేసింది. డాలస్‌లో స్కూల్లో చదువుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అమ్మమ్మా, క్వైరులో నన్ను ఆల్టోలో వేశారు. నా ఫ్రెండ్స్ అందరూ సొప్రానో" అంది. ఫస్టు క్లాసు నుంచి సెకండు క్లాసుకు దించినట్టు దాని బాధ. నేను దానికి రిహార్సలులో ఆల్టో ఆగిపోయిన సంగతి చెప్పాను, ఫెరియర్ సంగతి చెప్పాను. తనకు అంతా ఎక్కిందో లేదో తెలియదు. "నీదీ ఇదే గొంతా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే సరే" అని ఫోన్ పెట్టేసింది. మా అమ్మాయి గొంతు సన్నన. ఒక తరం దాటి వచ్చిందన్నమాట. పోయిన క్రిస్మస్‌కు వాళ్ళ స్కూలు కచేరీ వీడియో పంపారు. వెనక వరసలో కనపడీ కనపడకుండా ఉంది. పాటలో దాన్ని విడిగా వినడం నా వల్ల కాలేదు. ఆల్టో అంటే అంతే మరి.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మనం, అంటే అరవై, డెబ్భై దాటిన వాళ్ళం. గొంతులో రెండు నాదతంత్రులుంటాయి. మగవాళ్ళలో అవి సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్ల పొడవు, ఆడవాళ్ళలో 12 నుంచి 17. పొడుగ్గా, మందంగా ఉంటే నాదం కిందికి, పొట్టిగా, పల్చగా ఉంటే పైకి. మామూలుగా మాట్లాడేటప్పుడు వయసులో ఉన్న ఆడవాళ్ళ గొంతు 200, 220 ప్రాంతంలో, మగవాళ్ళది 100 నుంచి 130 ప్రాంతంలో ఉంటుంది. నెలసరి ఆగిపోయాక హార్మోన్లు మారి ఆడవాళ్ళ తంత్రులు కొంచెం మందమవుతాయి, గొంతు దిగుతుంది. ముసలితనంలో మగవాళ్ళకు కండరం పల్చబడి గొంతు కొంచెం ఎక్కుతుంది. ఫోన్‌లో "అమ్మగారున్నారా?" అని మగవాళ్ళనే అడిగిన సందర్భాలు మనవాళ్ళు కొందరు నాతో చెప్పి నవ్వుకున్నారు. అంటే యాభై ఏళ్ళు చెరో స్థాయిలో మాట్లాడుకున్న మొగుడూ పెళ్ళాలు ఈ వయసులో గొంతుల్లో ఒకరికొకరు దగ్గరకు జరుగుతారు. ఎక్కడికి? ఇందాక చెప్పిన ఆ నడిమి చోటు వైపే.

వినడం సంగతీ అంతే. వయసుతో వచ్చే చెవుడు పై స్వరాల నుంచి మొదలవుతుంది. స, శ, ఫ లాంటి అక్షరాలు, పసిపిల్లల కీచుగొంతులు ముందు జారిపోతాయి. నడిమి గొంతు ఎక్కువకాలం నిలుస్తుంది. ఇందులో మన టెలిఫోను చేసే ఒక చిత్రం ఉంది. మన లైను 300 నుంచి 3400 సైకిల్స్ వరకే మోసేది కదా. నా గొంతు అసలు స్వరం 180 దగ్గర. అది లైన్లో వెళ్ళదు. అయినా అవతలివాడికి నా గొంతు బొంగురుగానే ఎందుకు వినపడింది, సార్ అని ఎందుకన్నాడు? ప్రతి నాదంతోనూ దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఉండే అనుస్వరాలు పుడతాయి. 360, 540, 720 వెళతాయి. వాటి మధ్య ఉన్న 180 ఎడాన్ని బట్టి, లేని అసలు స్వరాన్ని మెదడు తనే కట్టుకుంటుంది. ట్రైనింగులో ఇది ఎవరూ మాకు చెప్పలేదు, రిటైరయ్యాక చదివి తెలుసుకున్నాను. నలభై ఏళ్ళు నా గొంతు వెళ్ళని తీగ మీద నా గొంతు వినపడింది!

మన సంఘం నెలవారీ సమావేశాల్లో ప్రార్థనా గీతం పాడేటప్పుడు నేను గమనిస్తూ వచ్చాను. చరణం పైకి వెళ్ళేసరికి ఆడవాళ్ళలో సగంమంది పెదవులు కదుపుతారు, ధ్వని ఉండదు. పెళ్ళిళ్ళలో పేరంటాల్లో గంటలకొద్దీ పాడినవాళ్ళే. అడిగితే "గొంతు పోయిందండీ" అంటారు. ఒకావిడ అయితే ఇంట్లో దేవుడి ముందు పాడడం కూడా మానేశారు. ఆవిడ గొంతు నేను విన్నాను. పోలేదు, దిగింది. తీసుకున్న శృతి పాతికేళ్ళప్పటిది, అంతే. రొంప, బొంగురు మూడు వారాలు దాటి తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి, అది వేరే సంగతి.

సాధారణంగా హార్మోనియం ముందు కూర్చున్నవారు మగవాళ్ళయితే ఒకటిన్నర వేస్తారు, ఆడవాళ్ళయితే అలవాటు కొద్దీ ఐదు వేస్తారు. మొదటిదానిలో ఆడవాళ్ళ గొంతు పాతాళంలో, రెండోదానిలో మగవాళ్ళది ఆకాశంలో. మధ్యలో మూడు శృతి ఉంది. అక్కడ షడ్జమం 165, తార షడ్జమం 330. ఒక స్థాయికి మించని పాటయితే ఈ వయసులో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఇద్దరికీ అందుతుంది, ఎవరూ ఇంకో స్థాయికి దూకనక్కరలేదు. మూడున్నర కావాలని మాత్రం అడక్కండి, హార్మోనియంలో మూడుకూ నాలుగుకూ మధ్య మెట్టు లేదు.

పోయిన వారం మా ఇంట్లో తొమ్మిదిమందిమి, ఆరుగురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు, మూడు శృతిలో మన ప్రార్థనా గీతం పాడి చూశాం. చరణం చివర ఎవరి గొంతూ ఆగలేదు. నేను ఇందాక చెప్పిన ఆవిడ కూడా వాళ్ళలో ఉన్నారు. మావారు లోపలి గది నుంచి వచ్చి, రేడియో పెట్టారా అని అడిగారు. ఆయన చెవి సంగతి తెలుసు కాబట్టి దాన్ని మరీ పెద్ద పొగడ్తగా తీసుకోలేదు.

హార్మోనియం తెచ్చిన సోదరుడితో ముందే చెప్పి ఉంచాను. వందన సమర్పణ అయ్యాక పాడే పాట ఈరోజు మూడు శృతిలో మొదలవుతుంది. వెనక వరసలో టీ కోసం లేచిన పెద్దలు దయచేసి ఒక్క అయిదు నిమిషాలు కూర్చోవాలి. మగవాళ్ళు కొంచెం మెల్లగా పాడండి, పక్కవారి గొంతు వినపడేటంత.